గుంటల తోట

మా మంగ వదిన గురించి ఎవరైనా అడిగితే నేను కుట్టుమిషను ఆపి మరీ చెబుతాను. టెక్కలి నుంచి, పలాస నుంచి టీచర్లు వస్తుంటారు, పిల్లల చేత తోట పెట్టించడం ఎలాగో చూసి వెళ్దామని. ఒకసారి ఇచ్ఛాపురం అవతల నుంచి కూడా వచ్చారు, సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడుకుంటూ. ఆవిణ్ణి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసి పార పట్టుకుని వెళ్ళిపోతుంది. అందుకని చివరికి అందరూ నా గుమ్మం దగ్గరికే వస్తారు.

మా ఊరు మొగలివలస. పలాస నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డులో, కొబ్బరితోటలు అయిపోయి ఇసుకదిబ్బలు మొదలయ్యే చోట ఉంటుంది. మంగ మా పెద్దనాన్న కొడుకు సన్యాసి అన్న భార్య. రావివలస పిల్ల. అన్నకి కొంచెం జీడితోట ఉండేది. అది చాలదు కాబట్టి వదిన పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. పొద్దున్నే ఆటో ఎక్కితే దీపాలు పెట్టే వేళకి దిగేది. జీడి అంటి వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి. పెళ్ళిళ్ళకి వస్తే చేతులు కొంగు చాటున పెట్టుకుని ఓ మూల కూర్చునేది. నలుగురిలో నోరు విప్పి మాట్లాడగా నేను చూడలేదు.

అన్నకి కిడ్నీ జబ్బని తేలింది తిత్లీ తుపానుకి ముందటేడు. మా ఉద్దానంలో ఆ మాట వినని గడప లేదు. వారంలో సగం రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవడం, మిగతా సగం ఆ నీరసం తీర్చుకోవడం, ఇదీ ఆయన బతుకు. వదిన దాని గురించి ఏడ్చి ఎవరికీ చెప్పుకోలేదు. తెల్లారకముందే లేచి వంట చేసి, అన్నని బస్సెక్కించి, తను ఆటో ఎక్కేది.

మరుసటేడు దసరాల మొదట్లో ఆ తుపాను వచ్చింది. తెల్లారి తలుపు తీసి చూస్తే మా ఊరు మా ఊరిలా లేదు. ఎప్పుడూ కొబ్బరి మట్టల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించే ఆకాశం ఆ రోజు మొత్తంగా కనిపించింది. అటు బారువ దాకా, ఇటు భావనపాడు దాకా ఇదే గతి అన్నారు. అన్నవాళ్ళ జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి.

కూర్మయ్య తాత కొబ్బరితోట ఊరికి ఆనుకునే ఉండేది. ఊరందరికీ ఆయన తాతే. వాళ్ళ నాన్న వేసిన చెట్లవి. అన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పడుకున్నాయి. వేళ్ళు లేచిన ప్రతిచోటా ఒక గొయ్యి. తాత తోట గట్టు దాకా వెళ్ళి, చూసి, వెనక్కొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మానులు కోయించేస్తానని కొడుకు మన్మథరావు ఎన్నిసార్లు అడిగినా "ఒద్దు" అనే అన్నాడు. తోటవైపు మళ్ళీ అడుగు పెట్టలేదు.

కరెంటు లేదు. ఇళ్ళు కూలినవాళ్ళు బడిలో తలదాచుకున్నారు, అందుకని బడి లేదు. ఫ్యాక్టరీ రేకులు ఎగిరిపోయాయి, వదినకి పని లేదు. పెద్దవాళ్ళంతా బియ్యం కోసం, టార్పాలిన్ల కోసం తిరుగుతుంటే పిల్లలు వెళ్ళి కూర్మయ్య తాత తోటలో పడ్డారు. పడిపోయిన మానుల మీద నడవడం, గోతుల్లోకి దూకడం, అదే ఆట.

ఒకరోజు వదిన కొడుకు తేజని వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళింది. పిల్లలంతా ఒక గోతి చుట్టూ మూగి పోట్లాడుకుంటున్నారు. మధ్యలో మా ఎదురింటి ప్రియ. దానికప్పుడు పదేళ్ళుంటాయి. ఎండిన ఆనపబుర్ర ఒకటి రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఎవరో విత్తనానికని చూరుకి వేలాడదీసిన బుర్ర గాలికి ఎగిరొచ్చి అక్కడ పడింది. ఊపితే లోపల గింజలు గలగలమంటున్నాయి.

"నాకు దొరికినాది!"

"ముందు నాను సూసినాను!"

వదిన బుర్ర అందుకుని మాను మీద ఠప్పున కొట్టింది. గింజలు కొంగులో పోసుకుంది.

"దెబ్బలాట ఆపండర్రా. ఇక్కడ ఎన్ని గోతులున్నాయో సూడండి. ఒక్కొక్కలికి ఒక్కో గొయ్యి. ఎవులు ఏసిన పాదు ఆలదే."

"తాత కొడతాడు," అన్నాడు తేజ.

"తాతకి నాను సెప్తాన్లే," అంది వదిన. చెప్పలేదు. ఆయన ముందుకెళ్ళి మాట్లాడే ధైర్యం అప్పటికి ఆవిడకి ఎక్కడిది!

గోతుల అడుగున మట్టి ఇంకా చెమ్మగానే ఉంది. పిల్లలు కుళ్ళిన ఆకులు, పొయ్యిలో బూడిద, పేడ తెచ్చి కలిపారు. ఆనపగింజలు చాలకపోతే ఇంటింటికీ తిరిగి బీర, గుమ్మడి, తోటకూర, ఎవరి దగ్గర ఏది తడవకుండా మిగిలితే అది అడుక్కొచ్చారు. కొద్దిరోజులకే మొలకలు. "హేమత్తా, నాది లేచినాది!" అంటూ ప్రియ మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. తుపాను తర్వాత మంచి కబురు పట్టుకుని నా గుమ్మం తొక్కిన మొదటి మనిషి అదే. మా వైపు పిల్లల్ని గుంటలంటాం. గోతినీ గుంటంటాం. 'గుంటల తోట' అన్న పేరు ఎవరు పెట్టారో గానీ ఆ రోజుల్లోనే పుట్టింది.

తాతకి ఎవరో చెప్పారు. కర్ర పట్టుకుని బయల్దేరాడు. ఆయన్ని చూసి పిల్లలు తలో దిక్కూ పరుగెత్తారు. వదిన ఒక్కతే గోతిలో మోకాళ్ళ మీద ఉంది, చేతిలో చెంబు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను.

"ఎవుల్రా, నా తోటలో?"

వదిన లేచింది. "నానే తాతా. అడక్కండా ఏసీసినాం. తప్పే. పీకీమంటే పీకెత్తాం."

తాత గోతిలోకి చూశాడు. పైకి తేలిన వేళ్ళ మధ్య చిన్న మొలక, రెండాకులు విప్పుకుని ఉంది. ఆయన మెల్లగా మాను మీద కూర్చుని, అరచేత్తో దాన్ని తట్టాడు.

"ఇది మా నాయిన ఏసిన సెట్టు," అన్నాడు. మళ్ళీ మొలకవైపు వంగి, "నీళ్ళెవులు పోత్తన్నారు?"

"గుంటలే తాతా."

"మొదలుకాడ పోసేత్తన్నారు. కుళ్ళిపోతాది. అంచున పొయ్యమను."

తుపాను తర్వాత తోట గురించి "ఒద్దు" తప్ప ఆయన ఆడిన మొదటి మాటలవే. మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చి ఆ మాను మీద కూర్చునేవాడు. పిల్లలు కొన్నాళ్ళు భయపడ్డారు. ఆ తర్వాత తమ చెంబులు ఆయన కర్రకే తగిలించడం మొదలెట్టారు.

పాదులు సాగేసరికి పందిళ్ళు కావాల్సొచ్చాయి. ఆ పని సన్యాసి అన్న ఎత్తుకున్నాడు. డయాలసిస్ అయిన రోజు మంచం దిగలేడు. మర్నాడు కాస్త ఓపిక వస్తే తోటలో ఉండేవాడు. విరిగిన వాసాలు ఏరి పాతి, కొబ్బరితాడుతో ముడి ఎలా వేయాలో పిల్లలకి చూపించేవాడు. ఆకుకూరలు, టమాటాలు, చాలా కూరలు డాక్టర్లు ఆయన్ని తినొద్దన్నారు. అది ప్రియ ఎక్కడో విన్నట్టుంది.

"నువ్వు తినవు గదా మావా, మరెందుకు కడతన్నావు?" అని అడిగేసింది.

అన్న నవ్వాడు. "తినడానికి మీరున్నారు గదే. కట్టడానికి నానున్నాను."

వదిన ఆ మాట విన్నది. తర్వాత ఫ్యాక్టరీలో పక్కనున్న ఆడవాళ్ళకి, ఆటోలో వచ్చేవాళ్ళకి, నాకు, అందరికీ చెప్పింది. మొగుడి జబ్బు గురించి ఎన్నడూ పెదవి విప్పని మనిషి, ఈ మాట మాత్రం గొప్పగా చెప్పుకుంది.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచాక వదినకి ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున్న పిల్లలే వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. కాయలు దిగుతున్నాయి. ఎవరి గోతి కాయ వాళ్ళింటికి, మిగిలినవి బడిలో మధ్యాహ్న భోజనానికి. సరిగ్గా అప్పుడే పుకారు పుట్టింది, "గుంటల సేత సాకిరీ సేయించుకుని మంగ సంచీల్తో కూరగాయలు పలాస ఎత్తుకుపోతంది" అని. పుట్టించిందెవరో నాకు తెలుసు. పేరు చెప్పను, ఆవిడ ఇప్పుడు మాతోనే పనిచేస్తోంది.

ఆ మాట కొళాయి దగ్గర వదిన చెవిన పడింది. నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూలబడి ఉంది. బిందె సగమే నిండింది.

"హేమా, నాను ఒక్క ఆకైనా ఇంటికి తెచ్చుకున్నానేటి?"

"లేదు వదినా."

"మరెందుకలాగంటారు?"

ఆ బిందె తీసుకెళ్ళి నేనే నింపుకొచ్చాను. ఆ ఆదివారం ఆవిడ తోటకి వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. పిల్లలొస్తే జ్వరమని తేజ చేత చెప్పించింది. ఆ తర్వాతి వారం పిల్లలు తలుపు కొట్టలేదు. వాకిట్లో వరుసగా కూర్చున్నారు.

"అత్తా, నీకు జొరం తగ్గీదాకా ఇక్కడే కూకుంటాం," అని ప్రియ బయటి నుంచే కేకేసింది.

లోపల మంచం మీంచి అన్న అన్నాడు, "బేగెల్లు మంగా. గుంటలకి అబద్దం సెప్పడం బాగోనేదు."

వదిన బయటికొచ్చింది. అయితే తోటకి పోలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళింది. పెళ్ళిళ్ళలో మూల కూర్చునే మనిషి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి, అక్కని పిలిచినట్టు పిలిచి, తలెత్తి అడిగింది.

"అప్పా, ఈయేళ మీ గుంటల్తోపాటు మీరూ తోటకి రండి. నాను సేత్తన్నది తప్పయితే అక్కడే సెప్పండి."

సగం మంది వచ్చారు. తప్పు పడదామని వచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళని ఊరికే నిలబడి చూడనిస్తే గదా పిల్లలు! తల్లి చేతికి చెంబిచ్చారు, తండ్రి చేతికి గునపమిచ్చారు. "ఇది నా పాదు, ఇటు రాయే అమ్మా" అని లాక్కెళ్ళారు. ఎండెక్కేసరికి పుకారు పుట్టించినావిడ కూడా కొడుకు పాదు చుట్టూ కూర్చుని కలుపు పీకుతోంది. పోయేటప్పుడు వదిన దగ్గర ఆగి ఏదో చెప్పబోయింది. వదిన ఆవిడ చేతిలో ఓ బీరకాయ పెట్టి, "మీవోడి పాదుదే," అంది.

అలా కట్టింది మా జట్టు. జీతం లేదు, హాజరు లేదు. కొబ్బరిపీచు పనికెళ్ళే ఆడవాళ్ళు, ఆటో తోలే కుర్రాళ్ళు, నేను. ఆదివారం వచ్చిందంటే ఎవరి పని వాళ్ళకి తెలుసు. నాకు విత్తన సంచులు కుట్టే పని ఇచ్చారు. ఒక్కో పిల్ల పేరు ఒక్కో సంచీ మీద రంగుదారంతో కుట్టాను.

మరుసటి వానాకాలానికి తాతకి ప్రభుత్వం ఇచ్చే కొబ్బరిమొక్కలొచ్చాయి. మన్మథరావు మా వదిన దగ్గరికి వచ్చి చాలాసేపు వానల గురించి మాట్లాడాడు.

"మంగా, మానులు తీయించీసి గోతులు కప్పించాల. గుంటలకెలాగ సెప్పాలో తెల్డం నేదు," అన్నాడు చివరికి.

"తోట మీది మావా. ఇన్నాళ్ళు ఉండనిచ్చినారు, అదే సాలు," అంది వదిన.

ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి తనే చెప్పింది. ప్రియ ఏడ్చింది. ఇద్దరు ముగ్గురు అలిగి లేచి వెళ్ళిపోయారు. కూర్మయ్య తాత అంతా విన్నాడు. తర్వాత లేచి కర్రతో నేల మీద ఒక గుండ్రం గీశాడు. అడుగులేసుకుంటూ పోయి దూరంగా ఇంకో గుండ్రం గీశాడు.

"ఇక్కడొక మొక్క. అక్కడొక మొక్క. మద్దిన ఎంత జాగా ఉన్నాదో సూసేరా? ఇదెవులికి, నాకా? మొక్కలు పెద్దయ్యి నీడ కట్టీదాకా ఈ మద్ది జాగా మీదే. ఒక్కటే షరతు. మీ పాదుకి పోసినప్పుడల్లా నా మొక్కకీ ఒక సెంబుడు పొయ్యాల."

అలిగి పోయినవాళ్ళని పిలవడానికి తేజ పరుగెత్తాడు.

పిల్లకో కొబ్బరిమొక్క వచ్చింది. ఆ వేసవి ఎండలకి చుట్టుపక్కల చాలా తోటల్లో కొత్త మొక్కలు మాడిపోయాయి. గుంటల తోటలో పోయింది ఒక్కటే, అది కూడా గేదె తొక్కి. ఆ మొక్క తాలూకు పిల్లాడు గేదెగలవాళ్ళింటికి వెళ్ళి ఇంకో మొక్క తెప్పించుకునేదాకా వాళ్ళ అరుగు దిగలేదు.

ఈ మధ్యనే ఆ చెట్లు కాపుకొచ్చాయి. మొదటి గెలలు దింపిన రోజు తాత పిల్లల్ని పేరుపేరునా పిలిచి తలో బొండం ఇచ్చాడు. నూనూగు మీసాలొచ్చిన మగపిల్లలు కూడా వరుసలో నిలబడి తీసుకున్నారు. ఇప్పుడక్కడ నీడ కట్టింది కాబట్టి కూరగాయల తోట బడి వెనక్కి మారింది. దాన్ని చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పెట్టుకున్నారు. ప్రతి ఊళ్ళోనూ మా జట్టువాళ్ళు ఎవరో ఒకరు మొదటి నెలలు తోడుంటారు.

భావనపాడు సంగతి మాత్రం విడిగా చెప్పాలి. అక్కడి నుంచి గౌరమ్మ ఎండుచేపలు తెచ్చి మా ఊళ్ళో అమ్ముతుంది. ఓ ఆదివారం తట్ట దించి తోట అంతా కలియతిరిగింది.

"ఓలమ్మా, మా గుంటలకీ ఇలాటిది సేసి పెట్టరాదేటి? మగోళ్ళు సముద్రంలోకి ఏటకి పోతారు, మేం అమ్మకానికి పోతాం. గుంటలు రేవులో తిరుగుతా ఉంటారు," అంది వదినతో.

వదిన వెళ్ళింది, నేనూ తోడెళ్ళాను. మాకు తెలిసినట్టే చేయించింది. మొలకలొచ్చాయి. తర్వాత ఒక వారం సముద్రం గాలి గట్టిగా వీచింది. ఆకులన్నీ అంచుల నుంచి మాడిపోయాయి. అక్కడి పిల్లలు మాడిన మొక్కల చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేటప్పుడు నౌపడా ఉప్పుమడుల పక్కనుంచి ఆటో పోతుంటే వదిన ఆ తెల్లటి ఉప్పుకుప్పలనే చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక అంది, "గుంటల్ని ఆశపెట్టీసి ఒచ్చీసినాను హేమా."

ప్రియ అప్పటికి టెక్కలిలో ఇంటర్ చదువుతోంది. సంగతి విని వచ్చి కూర్చుంది.

"అత్తా, ఈసారి నానెల్తాను. నువ్వు రాకు."

"అదేటే?"

"నువ్వొత్తే అందరూ నువ్వేటి సెప్తావోనని సూత్తా కూకుంటారు. ఆ గాలి ఆళ్ళకి తెలిసినట్టు మనకి తెల్దు. ముందు ఆళ్ళని అడగాల."

వదిన సరేనంది.

ప్రియ ఇద్దరు స్నేహితుల్ని తీసుకుని ఆదివారాలు వెళ్ళింది. మొదటి రోజు విత్తనం ముట్టుకోలేదు. గాలి ఎటు నుంచి వస్తుంది, మీ దగ్గర ఏమున్నాయి అని పిల్లల్నే అడిగింది. చిరిగిన వలలున్నాయన్నారు. చేపల తలలు, పొలుసులు ఉన్నాయన్నారు. మొగలి పొదల వెనక గాలి తగలని జాగా ఉందని ఒక పిల్ల తీసుకెళ్ళి చూపించింది. అక్కడే పెట్టారు. వలలు పొరలు పొరలుగా గాలికి అడ్డం కట్టారు. చెరువుమట్టి తెచ్చి ఇసుకలో కలిపారు. ఉప్పు తగలని పచ్చి చేప తలలు లోతుగా పూడ్చారు. వాటి కోసం కుక్కలు తవ్వుతుంటే గౌరమ్మ తట్ట పక్కన పెట్టి కర్ర పట్టుకుని కాపలా కాసింది.

ఇక్కడ వదిన పడ్డ యాతన నేను చూశాను. ఆదివారం సాయంత్రం ప్రియ బస్సు దిగే వేళకి ఏదో పని కల్పించుకుని రోడ్డు మీద ఉండేది.

"బతికినాయా?"

"బతికినాయత్తా."

అంతే. ఇంకేమీ అడిగేది కాదు.

పోయిన కార్తీకంలో గౌరమ్మ కబురు పంపింది, వంకాయలు కాశాయి, భోజనానికి రమ్మని. వదిన, నేను వెళ్ళాం. వలల గోడ దాటి వదిన లోపల కాలు పెట్టబోతుంటే మొదటిసారి వచ్చినప్పుడు మేము చూడని ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండాగండి! అక్కడ అడుగెయ్యకండి, నారుంది!"

వదిన గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. పిల్ల మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"తోట సూడ్డానికొచ్చేరా?"

"అవునమ్మా."

"అయితే సెప్పులిప్పీసి నా ఎనకాల రండి. అన్నీ సూపిత్తాను."

నాకు ఆగలేదు. "పాపా, ఈవిడెవరో తెలుసా..." అనేలోపే వదిన నా జబ్బ గిల్లింది. "ఉండు. సెప్పనీ," అంది చిన్నగా.

పిల్ల ముందు నడిచింది. వల ఎన్ని పొరలు కట్టాలో, ఎందుకు కట్టాలో చెప్పింది. చేప తల పైపైన పూడిస్తే కుక్క తవ్వేస్తుందని, మోచెయ్యంత లోతు ఉండాలని, తన మోచెయ్యి చూపించి చెప్పింది. వదిన వంగి వంగి చూసింది. "అలాగా!" అంది. "మరి వానొత్తే?" అని అడిగింది. పిల్ల ఆలోచించి జవాబు చెప్పింది, అది సరైన జవాబే. దూరంగా ప్రియ మమ్మల్ని చూసింది, గానీ దగ్గరికి రాలేదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతూ నిలబడింది.

గౌరమ్మ ఎండుచేప వేసి వంకాయ కూర వండింది. పిల్లల పంక్తిలోనే మాకూ ఆకులు వేశారు. అన్నం వడ్డిస్తూ గౌరమ్మ ఉండబట్టలేక అంది, "ఒలే శ్రావణీ, ఇంతసేపూ నువ్వు పాఠం సెప్పింది ఎవులికో తెలుసా? గుంటల తోటలన్నీ మొదలెట్టిన మంగమ్మ ఈవిడే!"

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. వదిన మొహం ఒకసారి చూసింది. తోటవైపు ఒకసారి చూసింది.

"అయితేటి?" అంది. "ఈ తోట మాది."

వదిన నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. రేవులో చేపలు ఎండబెడుతున్న ముసలాళ్ళు చేతులాపి ఇటు తిరిగి చూశారు. వదిన కళ్ళు తుడుచుకుని, ఆకు ముందుకి జరిపి, గౌరమ్మని ఇంకాస్త కూర అడిగింది.